ఏ రోజు రమ్మంటారు

లీలాకుమారి పేరు తెరమీద పడేసరికి హాల్లో సగం మంది గుమ్మం దాటి ఉంటారు. హెయిర్ డ్రెస్సర్ల పేర్లు సినిమా చివర్న చిన్న అక్షరాల్లో పరుగెత్తిపోతాయి. అయినా ఫిలింనగర్‌లో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. తెనాలిలో పుట్టి, మద్రాసులో మేనత్త దగ్గర జడలు అల్లడం, సవరాలు కట్టడం, విగ్గులు దువ్వడం నేర్చుకుంది. పరిశ్రమ హైదరాబాదుకు తరలివచ్చినప్పుడు దాని వెనకే వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది. ఏ హీరోయిన్‌కి చెవి వెనక పుట్టుమచ్చ ఉందో, ఎవరికి జుట్టు లాగితే కోపమో ఆమెకు తెలుసు. వాటిని బయట చెప్పదు కాబట్టే ఆమెను పదేపదే పిలుస్తారు.

భర్త బసవపున్నయ్య సెట్లు వేసే వడ్రంగి మేస్త్రి. ఇద్దరూ షేక్‌పేట వైపు దిగే వాలులో, మల్లమ్మ అనే ఆవిడ మేడమీద రెండు గదుల్లో కిరాయికి దిగారు. కూతురు శ్రీనిధి అక్కడే పెరిగింది, అక్కణ్ణించే పెళ్ళయి మియాపూర్ వెళ్ళింది. మల్లమ్మ వాళ్ళది షేక్‌పేటలో తాతల నాటి కుటుంబం. ఒకప్పుడు ఆ రాళ్ళ మధ్య వాళ్ళ మేకలు మేసేవట. భర్త బాలనర్సయ్య పోయి చాలా ఏళ్ళయింది. కింద వాటాలో మల్లమ్మ తన కొడుకు కుటుంబంతో ఉంటూ, మేడమీది వాళ్ళను కిరాయిదారుల్లా ఎప్పుడూ చూడలేదు.

బసవపున్నయ్య దేవుణ్ణి నమ్మేవాడు కాదు. చెయ్యి మాత్రం గుళ్ళు కట్టడంలో తిరిగింది. ప్లైవుడ్డుతో, థర్మాకోలుతో, ప్లాస్టరుతో ఆయన నిలబెట్టిన గోపురాలకు లెక్కలేదు. కొత్త సినిమా ముహూర్తం నాడు లోపల పూజ జరుగుతుంటే ఆయన బయట చెక్కల దొంతి మీద కూర్చునేవాడు. పూజ చేయించే కాశీవిశ్వనాథం పంతులుగారు అయ్యాక తనే ఆకులో పులిహోర పట్టుకొచ్చి, "దేవుడు వద్దంటావు, ఆయన పులిహోర మాత్రం రెండుసార్లు అడుగుతావు" అనేవారు. "పులిహోర మీ ఆవిడ చేసిందండీ, దేవుడు చేశాడని ఎవరన్నారు?" అనేవాడు బసవపున్నయ్య. వాళ్ళిద్దరి స్నేహం అలా సాగింది.

ఆయన నాస్తికుడు కావడానికి పుస్తకాలు తర్వాతి కారణం. అసలు కారణం వాళ్ళమ్మ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కూలికెళ్ళి పిల్లల్ని పెంచింది. అక్క జగదాంబ పెళ్ళినాడు, ఆ పెళ్ళి కోసం ఊపిరి బిగపట్టి కష్టపడిన తల్లిని పందిట్లోకి రానివ్వలేదు. విధవ ఎదురుపడితే పిల్లకు కీడు అన్నారు పెద్దలు. ఆమె సామాన్ల గది తలుపు వెనక నిలబడి బాజాలు వింది. అది చూసిన కుర్రాడికి దేవుడి మీదా, ఆయన తరఫున మాట్లాడే వాళ్ళ మీదా మనసు విరిగిపోయింది.

పెళ్ళయిన కొత్తల్లోనే ఆయన లీలాకుమారి చేత మాట తీసుకున్నాడు.

"నేను ముందు పోతే నన్ను మెడికల్ కాలేజీకి ఇచ్చెయ్యి. పిల్లలు చదువుకుంటారు. ఏ తంతూ వద్దు. నీ బొట్టు మీద, గాజుల మీద ఎవరి చెయ్యీ పడకూడదు."

"సరేలెండి, ముందు అన్నం తినండి" అంది ఆమె. ఆ వయసులో అలాంటి మాట ఇవ్వడానికి ఎంతసేపు.

శ్రావణంలో ఒక పొద్దున ముసురు పట్టింది. తడికి ఉబ్బిన మల్లమ్మ వంటింటి తలుపును చిత్రిక పట్టడానికి బసవపున్నయ్య కిందికి దిగాడు. సగం పని చేసి మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. మల్లమ్మ చెంబు తెచ్చేలోపు గోడకు ఒరిగిపోయాడు. ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకు చూసి తల అడ్డంగా ఊపాడు.

లీలాకుమారి మాట తప్పలేదు. శ్రీనిధి మియాపూర్ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ వెంటనే కాలేజీ వాళ్ళ బండి వచ్చింది. అప్పటికి సందు నిండా జనం. హెయిర్ డ్రెస్సర్లు, మేకప్ వాళ్ళు, లైట్‌బాయ్‌లు, బసవపున్నయ్య చేతికింద పనిచేసిన వడ్రంగులు అందరూ వచ్చారు. దండలు తెచ్చారు గానీ పాడె లేదు, డప్పు లేదు, నిప్పుకుండ లేదు. ఏడవడానికి వచ్చినవాళ్ళకు ఎక్కడ నిలబడాలో తోచలేదు. భుజం పట్టడానికి ముందుకొచ్చిన వడ్రంగులు, స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరు సిబ్బందిని చూసి వెనక్కి తగ్గారు. బండి కదిలింది. వాళ్ళు మలుపు దాకా దాని వెనక నడిచి, అక్కడ కాసేపు నిలబడి, ఎటువాళ్ళు అటు వెళ్ళిపోయారు.

సాయంత్రానికి మల్లమ్మ అన్నం, పప్పు పట్టుకుని మెట్లెక్కింది. "సావింట్ల పొయ్యి ముట్టియ్యొద్దు. నువ్వు జర ఇంత తిను, బిడ్డకు పెట్టు" అంది. ఆ తర్వాత రోజూ ఆమె ఇంటి నుంచే అన్నం వచ్చింది.

ఆ వారమంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అన్నీ ఒకే ఫోను అన్నట్టుండేవి. ఆమె దగ్గరే పని నేర్చుకున్న ఉదయశ్రీ రాజమండ్రి ఔట్‌డోర్ నుంచి చేసింది.

"అక్కా, ఇక్కడ చిక్కుకుపోయాను. పెద్దకర్మ ఏ రోజు? ఆ రోజుకి ఎలాగైనా వచ్చేస్తాను."

"పెద్దకర్మ లేదమ్మా. ఆయన వద్దన్నారు."

"అలాగా... మరి నేనెప్పుడు రానక్కా?"

"నీకు వీలైనప్పుడు రా."

"తప్పకుండా అక్కా" అంది ఉదయశ్రీ. రాలేదు. ఆ పిల్లది తప్పని లీలాకుమారికి అనిపించలేదు. వీలైనప్పుడు రమ్మంటే ఎవరికైనా వీలు చిక్కేదెప్పుడు? ఫలానా రోజు అని చెబితే షూటింగ్ ఆపుకుని వచ్చే మనుషులు, రోజు చెప్పకపోయేసరికి రేపు వెళదాంలే అనుకుంటూ ఉండిపోయారు. కొందరికి మొహమాటం. తంతు లేని ఇంటికి వెళితే ఏం మాట్లాడాలో, ఎంతసేపు కూర్చోవాలో తెలియదు.

శ్రీనిధి కూడా సెలవు అయిపోయి వెళ్ళిపోయింది. లీలాకుమారి రెండు గదుల్లో ఒక్కతే మిగిలింది. దువ్వెనల పెట్టె మూలన అలాగే ఉంది. మళ్ళీ పనికి ఎప్పటినుంచి వెళ్ళవచ్చో ఆమెకు తెలియలేదు. వెంటనే వెళితే మొగుడు పోయిన బాధే లేదంటారు. ఇంట్లో కూర్చుంటే ఎన్నాళ్ళు? ఇక చాలు, లేచి నీ పని చూసుకో అని చెప్పేవాళ్ళు లేరు. పాల ప్యాకెట్ కోసం కొట్టుకు వెళితే ఇరుగుపొరుగు చూపులు దించుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. నుదుట బొట్టు, చేతులకు గాజులు ఎప్పటిలా ఉన్నాయి. అది మాత్రం ఆమెకు ఊరటగానే ఉండేది. ఆ ఊరటను పంచుకోవడానికి మనిషి లేడు, అంతే.

ఒక్కోసారి ఆయన మీద కోపం వచ్చేది. 'మీరు హాయిగా చెప్పి వెళ్ళిపోయారు. ఇది వద్దు, అది వద్దు అన్నారు గానీ, మరి ఏం చెయ్యాలో ఒక్కటీ చెప్పలేదు' అని ఆయన ఫొటోతో వాదించేది.

అలాంటప్పుడు త్రినాథరావు మాస్టారు వచ్చారు. ఆయన రిటైరైన లెక్చరరు. బసవపున్నయ్య ఆదివారాలు వెళ్ళే హేతువాద సంఘానికి కార్యదర్శి. మంచి మనిషి. "సంస్మరణ సభ పెడుతున్నామమ్మా. మన పద్ధతిలో గౌరవంగా సాగనంపుదాం" అన్నారు. లీలాకుమారికి ప్రాణం లేచొచ్చింది. తెలిసినవాళ్ళందరికీ తనే కబురు పెట్టింది.

సభ ఒక హాల్లో జరిగింది. వేదిక మీద కుర్చీలు, వెనక ఫ్లెక్సీ. లీలాకుమారిని కూడా వేదిక మీద కూర్చోబెట్టారు. మైకు ముందు ఒకరి తర్వాత ఒకరు మూఢనమ్మకాల గురించి, శాస్త్రీయ దృక్పథం గురించి, దేహదానం ఆవశ్యకత గురించి మాట్లాడారు. అన్నీ సరైన మాటలే. ఒకాయన బసవపున్నయ్యని పొడుగునా బసవరాజు అన్నాడు. వెనక వరసల్లో వడ్రంగులు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళను మాట్లాడమని ఎవరూ పిలవలేదు. మూడో ఉపన్యాసం సగంలో ఉండగా ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోవడం ఆమెకు వేదిక మీంచి కనిపిస్తూనే ఉంది. దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళాలనిపించింది. మర్యాద కాదని కూర్చుండిపోయింది. చివర్న బిస్కెట్లు, టీ ఇచ్చారు. ఇంటికొచ్చి తాళం తీసేసరికి గదులు ఇంకా ఖాళీగా అనిపించాయి.

ఆ మర్నాడే శ్రీనిధి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, నాకు నిద్ర పట్టడం లేదు. నాన్నకి ఏమీ చెయ్యలేదని మా అత్తగారు రోజూ ఏదో ఒకటి అంటుంది. ఆవిడ అన్నందుకు కాదు, నాకే ఏదో బాకీ పడ్డట్టు ఉంది. గుళ్ళో అయినా ఏదో ఒకటి చేయిద్దాం."

"మాట ఇచ్చానే."

"నాన్న పోయాడమ్మా. ఉన్నవాళ్ళం మనం. మనకి ఏం కావాలో చూసుకోకూడదా?"

"ఆయన జీవితమంతా ఒకదాన్ని పట్టుకుని నిలబడితే, కళ్ళు మూయగానే దాన్ని తీసి పక్కన పెట్టేయమంటావా?"

లీలాకుమారికి కూతురు అన్నదాంట్లో తప్పు కనబడలేదు. తను అన్నదాంట్లోనూ కనబడలేదు. ఇద్దరూ చెరో గదిలో కూర్చున్నారు.

ఆ మాటలు కింద మెట్ల దగ్గర బట్టలు ఆరేస్తున్న మల్లమ్మ చెవిన పడ్డాయి. పని అయ్యాక పైకొచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"లీలమ్మా, నేనొకటి అడుగుత, కోపం చెయ్యకు. అన్నం ఎన్నడు పెడ్తవ్?"

"ఏం అన్నం అక్కా?"

"నీ పెనిమిటి పేరు మీద. ఆయన కాడ పనిచేసిన పిలగాండ్లు నాల్గుసార్లు వచ్చి నన్నే అడిగిన్రు. అమ్మ ఏ రోజు రమ్మంటది అని. నిన్ను అడగనీకి వాళ్ళకు భయం."

"తంతు ఏమీ లేదని చెప్పాగా."

"తంతు లేకపోతే ఆకలి గూడ ఉండదా?" అంది మల్లమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "మా ఆయన పోయినప్పుడు పది దినాలు నన్ను ఒక్క గడియ ఒంటిగ కూసోనియ్యలే. ఒకామె పోతే ఒకామె వచ్చేది. నాకు తెల్వకుండనే నోట్ల అన్నం పెట్టిన్రు. వాళ్ళు రాకుంటే నేను ఆయన వెంబడే పోతుంటి. గదే జనం పదో దినం నన్ను బాయికాడ కూసోబెట్టి గాజులు పలగ్గొట్టిన్రు, బొట్టు తుడిచిన్రు. అప్పుడు గూడ నేనేం అనలే. కానీ ఇన్నేండ్లయింది, ఆ గాజుల సప్పుడు ఇంకా నా చెవుల్ల ఉన్నది."

లీలాకుమారి ఆమె వైపు చూసింది. ఇన్నేళ్ళలో మల్లమ్మ ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

"అక్కా, ఆ గాజులు పగలగొట్టడం వద్దనే ఆయన అన్నీ వద్దన్నారు."

"మంచిగన్నడు. నాకు గప్పుడు గసోంటి మొగోడు ఇంట్ల ఒక్కడుంటే బాగుండు. కానీ గాజుల మాట తియ్యి, జనాన్ని ఎందుకు తీస్తవ్? ఆళ్ళను పిలువు. అన్నం పెట్టు. పంతులు లేకుంటే పప్పు ఉడకదా?"

లోపలి గదిలోంచి శ్రీనిధి ముక్కు చీదుకుంటూ నవ్వడం వినిపించింది. లీలాకుమారికీ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం అని అనుకున్నారు. ఫోన్ చేసినప్పుడు లీలాకుమారి అందరికీ ఒకే మాట చెప్పింది: "ఆదివారం భోజనానికి రండి. పూజ ఉండదు. ఆయన్ని తలుచుకుందాం." ఎవరూ ఎందుకు, ఏమిటి అనలేదు. "వస్తామమ్మా" అన్నారు. ఉదయశ్రీ అయితే ఫోన్లోనే, "అమ్మయ్య, ఇప్పటికి రమ్మన్నావా అక్కా" అంది.

తెనాలిలో ఉన్న ఆడపడుచు జగదాంబకు ఫోన్ చేయడానికి మాత్రం లీలాకుమారి గుండె గట్టి చేసుకోవాల్సి వచ్చింది. తమ్ముడి నాస్తికత్వం ఆవిడకు ఏనాడూ నచ్చలేదు. మోకాళ్ళ నొప్పులతో అప్పుడు రాలేకపోయింది. ఇప్పుడు వస్తే నలుగురి ముందూ బొట్టు సంగతి ఎత్తుతుందేమో. అయినా పిలవకపోతే తప్పు.

"వస్తాను. చీర నేను తెస్తాను. పుట్టింటివాళ్ళు ఎవరూ లేరుగా నీకు" అని ముక్తసరిగా చెప్పి ఫోన్ పెట్టేసింది జగదాంబ.

లీలాకుమారి చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. భర్త పోయిన ఆడదానికి తెచ్చే చీర ఏ రంగులో ఉంటుందో, అది ఎప్పుడు కట్టిస్తారో ఆమెకు తెలుసు.

ఆదివారం పొద్దున్నుంచే సందులో సందడి మొదలైంది. వడ్రంగులు తెల్లారేసరికి వచ్చి గుంజలు పాతి షామియానా వేశారు. పాత సెట్ల చెక్కలతో కూర్చోవడానికి బల్లలు కొట్టారు. ఒక బల్లకు ఏదో రాజదర్బారు తాలూకు బంగారు రంగు ఇంకా అంటుకునే ఉంది. ఉదయశ్రీ, ఇంకో ఇద్దరు హెయిర్ డ్రెస్సర్లు ఉల్లిపాయలు తరిగారు. మల్లమ్మ కొడుకు టోలిచౌకి వెళ్ళి మాంసం తెచ్చాడు. బసవపున్నయ్యకు ఇష్టమని గోంగూర మాంసం, మాంసం తినని వాళ్ళకు విడిగా పప్పు, వంకాయకూర, పులిహోర. పులిహోర కాశీవిశ్వనాథం గారింటి నుంచి వచ్చింది. గంగాళం ఆటోలోంచి దించుకుంటూ ఆయన లీలాకుమారితో, "నేను మంత్రం చెప్పనమ్మా. ఊరికే కూర్చుంటాను. వాడి స్నేహితుడిగా వచ్చాను" అన్నారు.

శ్రీనిధి ఒక ప్రమిద తెచ్చుకుంది. "ఫొటో దగ్గర పెట్టనా?" అని అడిగింది, అమ్మ కాదంటుందేమో అన్నట్టు.

"పెట్టుకో. వెలుతురుకి ఆయన ఎప్పుడూ అడ్డు చెప్పలేదు" అంది లీలాకుమారి.

పదకొండు దాటాక జగదాంబ దిగింది. మనవడి భుజం పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కి, తమ్ముడి ఫొటో ముందు కూర్చుని బావురుమంది. ఏడుపు తగ్గాక సంచిలోంచి పొట్లం తీసింది. శ్రీనిధి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

పొట్లంలో చిలకపచ్చ చీర ఉంది. ఎర్రంచు. దానిమీద డజను మట్టిగాజులు.

"ఏంటి అలా చూస్తావు?" అంది జగదాంబ. "వాడి మాట నాకు తెలియదనుకున్నావా? నా పెళ్ళినాడు అమ్మ తలుపు వెనక నిలబడింది. తాళి కట్టేటప్పుడు నేను తలెత్తి చూస్తే సందులోంచి అమ్మ కళ్ళు కనబడ్డాయి. నేనప్పుడు నోరు తెరవలేదు, పిల్లదాన్ని. తర్వాత పెద్దదాన్ని అయ్యాక కూడా తెరవలేదు. వాడు తెరిచాడు. వాడికి దేవుడు లేకపోతే లేకపోయాడు, నాకు ఉన్నాడు. నా దేవుడు నిన్ను బోడిచేతులతో చూడమని నాతో చెప్పలేదు. కట్టుకో."

లీలాకుమారి ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుని, బండి వెళ్ళిన రోజు రాని ఏడుపంతా ఏడ్చింది. జగదాంబ ఆపమనలేదు. వీపు నిమురుతూ కూర్చుంది. తర్వాత ఆమె ముఖం కడుక్కుని పచ్చచీర కట్టుకుని కిందికి దిగింది. సందులో కొందరు చూశారు. చూసి, పక్కకు జరిగి చోటిచ్చారు.

భోజనాలకు ముందు మల్లమ్మ చిన్న ఇస్తరాకులో అన్ని రకాలూ కొంచెం కొంచెం వడ్డించి, గోడ మీద పెట్టింది. వాళ్ళ పద్ధతిలో దాన్ని పిట్టకు పెట్టడం అంటారు. పిట్ట ముట్టాక మనుషులు తినాలి. త్రినాథరావు మాస్టారు అది చూసి ఏదో అనబోయి, లీలాకుమారి వైపు చూసి ఊరుకున్నారు. కాకులు ఈమధ్య ఆ చుట్టుపక్కల కనబడటమే లేదు. ఎంతసేపు చూసినా ఒక్కటీ రాలేదు. చివరకు నీళ్ళ ట్యాంకు మీంచి ఒక బూడిదరంగు పావురం దిగి, పులిహోర వదిలేసి అన్నం మెతుకులు ఏరుకుంది.

"కాకి రాలేదు గదా అత్తమ్మా" అంది మల్లమ్మ కోడలు.

"కాకైతేంది, పావురమైతేంది. ఆకలిగొన్నది తిన్నది. వడ్డియ్యుండ్రి" అంది మల్లమ్మ.

తింటూ మాట్లాడుకున్నారు. మైకు లేదు. ఎవరికి గుర్తొచ్చింది వాళ్ళు చెప్పారు. కొందరు నవ్వించారు. బసవపున్నయ్య ఒకసారి రాజుగారి సింహాసనం మరీ గట్టిగా చేస్తే, కోపంలో దాన్ని తన్ని విరగ్గొట్టాల్సిన నటుడు కాలు పట్టుకుని కూలబడ్డ కథ ఒకరు చెప్పారు. అప్పుడు తిరుమలేశ్ లేచాడు. ఆయన దగ్గర చిన్నప్పుడే చేరి, ఇప్పుడు సొంతంగా సెట్లు వేస్తున్న మేస్త్రి అతను.

"కర్నూల్ అవుతల ఒక ఊరికాడ అమ్మవారి గుడి సెట్టు ఏసినం. గోడలు ప్లైవుడ్డు, అమ్మవారు ప్లాస్టరు. షూటింగ్ నడుస్తుంటెనే ఊరి ఆడోళ్ళు వచ్చి దీపాలు పెట్టుడు షురూ జేసిన్రు. ఒక ముసలామె మనమరాలికి జొరమని ముడుపు గూడ కట్టింది. మేం నవ్వుకున్నం. షూటింగ్ అయిపోయింది, పొద్దుమూకే లోపల కూలగొట్టాలె. నేను సుత్తి పట్టుకొని ఎక్కిన. మేస్త్రి నా చెయ్యి పట్టి కిందికి గుంజిండు. పోయి ఆ ముసలామె పక్కన కూసున్నడు. అమ్మా, మేం పోతున్నం, ఈ అమ్మవారిని మీ ఊర్లకు తోల్కపోతరా అని అడిగిండు. ఆళ్ళు డప్పులు తెచ్చిన్రు. మేస్త్రే ఒక పక్క భుజం పట్టి, ఊరి లోపల చిన్న గుడి దాకా మోసిండు. ముడుపు ఎట్లాగు కట్టినవు, ఇగ దవాఖానకు గూడ తోల్కపో అని ముసలామెకు చెప్పి, ఆ పొల్లను ప్రొడక్షన్ జీపుల ఎక్కించిండు. అప్పుడొచ్చి, ఇగ కూలగొట్టురా, ఇప్పుడిది ఉత్త చెక్క అన్నడు. నేనడిగిన, మేస్త్రీ, నువ్వు నమ్మవు గద అని. నేను నమ్మను, ఆమె ముడుపు మీద నాకేం హక్కుందిరా అన్నడు."

లీలాకుమారికి ఆ సంగతి తెలియదు. ఆ షూటింగ్ నుంచి ఆయన భుజం నొప్పితో వచ్చి, ఏదో బరువు మోశానని చెప్పడం, తను ఆవనూనె రాయడం గుర్తొచ్చింది. ఆ బరువేమిటో ఇప్పుడు తెలిసింది. గోడమీది ఆకును, ప్రమిదను, తను కట్టుకున్న చీరను చూసుకుంది. ఆయన ఉంటే వీటిలో దేనికీ కోప్పడేవాడు కాదని ఆమెకు ఇప్పుడు నమ్మకం కుదిరింది.

బల్ల చివర త్రినాథరావు, కాశీవిశ్వనాథం పక్కపక్కనే తింటున్నారు.

"మా సభకు రానివాళ్ళు, వచ్చినా మధ్యలో లేచిపోయినవాళ్ళు ఇక్కడ కదలడం లేదు. ఎందుకంటారు?" అన్నారు మాస్టారు.

"మీ సభలో భోజనం లేదండీ" అన్నారు పంతులుగారు.

మాస్టారు నవ్వేశారు. "భోజనం ఒక్కటే కాదు లెండి. అక్కడ అందరినీ వినమని కూర్చోబెట్టాం. ఇక్కడ ప్రతివాడి చేతికీ ఏదో పని ఉంది. మేం మతం చెప్పేది అబద్ధమా కాదా అని చూశాం గానీ, అది చేసే పని ఏమిటని చూడలేదు" అన్నారు.

"మేం మాత్రం చూశామా? మంత్రం తప్పుపోకూడదని చూశాం. తలుపు వెనక ఎవరున్నారని చూడలేదు. జగదాంబమ్మగారు నాతో ఇందాకే చెప్పారు." పంతులుగారు మాస్టారి ఆకులోకి పులిహోర వడ్డించారు. మాస్టారు వద్దనలేదు.

మధ్యాహ్నం వాలింది. లీలాకుమారి గిన్నెలు తోమబోతే ఉదయశ్రీ చేతిలోంచి లాక్కుంది. "నువ్వు పోయి పడుకో అక్కా. బుధవారం నుంచి షూటింగ్ ఉంది, ఇద్దరం కలిసి వెళదాం. కొత్తమ్మాయి, జుట్టు ఒత్తు. నా ఒక్కదానివల్ల కాదు" అంది. లీలాకుమారి సరేనంది. అలా ఎవరో ఒకరు చెప్పడం కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూసింది కాబోలు. పైకెళ్ళి, జగదాంబ పక్కనే చాప మీద నడుం వాల్చింది. కింద బల్లలు విప్పుతున్న చప్పుడు, ఎవరిదో నవ్వు వినిపిస్తుండగానే కన్ను మూతపడింది. సాయంత్రం దాకా లేవలేదు.

బుధవారం పనికి వెళ్ళింది. ఆ మాటకొస్తే ఇప్పటికీ వెళుతూనే ఉంది. గుడికి పోయే అలవాటు ఆమెకు కొత్తగా రాలేదు. బోనాలప్పుడు మల్లమ్మకు తోడుగా నడుస్తుంది, అంతవరకే. శ్రీనిధి ఒకసారి, "ఇంతకీ దేవుడూ మతమూ అవసరమేనంటావా అమ్మా?" అని అడిగింది.

"దేవుడి సంగతి నాకు తెలియదు. మనుషులు అవసరం. వాళ్ళని ఒకచోటికి పిలిచే దారి ఇంకోటి అందరికీ దొరికేదాకా, ఉన్నదాన్ని మూసెయ్యమని నేననలేను. ఆ దారిలో ముళ్ళు మాత్రం ఏరిపారెయ్యాలి" అంది ఆమె, కూతురి జుట్టుకు నూనె రాస్తూ.

యూనియన్‌లో ఆ ఆదివారం గురించి చెప్పుకున్నారు. మొన్నామధ్య ఒక కెమెరా అసిస్టెంటు తండ్రి పోయాడు. ఆయనా తంతులు వద్దన్న మనిషే. ఆ కుర్రాడు సుహాస్ ఏం చెయ్యాలో తెలియక లీలాకుమారికి ఫోన్ చేశాడు. ఆమె మేకప్ వ్యాన్‌లో పని మధ్యలో ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని జడ అల్లుతూనే చెప్పింది.

"ముందు ఒక రోజు అనుకో నాన్నా. అందరికీ అదే రోజు చెప్పు. వచ్చినవాళ్ళకి ఏదో ఒక పని అప్పజెప్పు. మీ అమ్మగారి పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేట్టు చూడు. మిగతాది వాళ్ళే చూసుకుంటారు."

"మీరు వస్తారా ఆంటీ?"

"ఏ రోజో చెప్పు, వస్తాను" అంది లీలాకుమారి.